అన్నీ వచ్చు, టైమే సరిపోదు: మా ఏడో తరగతి బాబు గురించి సలహా కావాలి

కొబ్బరితోట అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా బాబుకి పన్నెండేళ్లు, ఏడో తరగతి. ఐదో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివాడు. ఆరు నుంచి టౌన్లో ఒక ప్రైవేటు హైస్కూల్లో వేశాం. స్కూలు పేరు రాయను. వాళ్ల మీద చాడీలు చెప్పడానికి కాదు, దారి తెలియక రాస్తున్నాను. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

వాడికి ఏది చెప్పినా అర్థమవుతుంది. ఒకసారి వింటే మర్చిపోడు. కానీ మిగతా పిల్లలు అరగంటలో చేసే పని వాడికి గంట పైనే పడుతుంది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం దగ్గర నుంచి అంతే. ఊరి బడిలో ఉన్నప్పుడు ఇది ఎవరికీ సమస్యగా కనిపించలేదు. క్లాసులో పద్నాలుగు మంది. టీచరమ్మ వాడు రాసేదాకా ఆగేవారు. ఇక్కడ నలభై ఐదు మంది. బెల్లు కొట్టగానే బోర్డు తుడిచేస్తారు. ఆ పీరియడ్ నోట్సు సగంలో ఉండగానే తర్వాతి సారు వచ్చి డిక్టేషన్ మొదలుపెడతారు. అలా రోజుకి నాలుగు సబ్జెక్టుల్లో సగం సగం నోట్సు మిగులుతుంది. అవన్నీ ఇంటికొచ్చి స్నేహితుడి పుస్తకం ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని ఎక్కించుకోవాలి.

మొన్న సోషల్ పరీక్ష పేపరు ఇంటికి పంపారు. అందులో డెల్టా ఎలా ఏర్పడుతుందని ఎనిమిది మార్కుల ప్రశ్న. మావాడు దానికి రెండున్నర పేజీలు రాశాడు. కొండల్లో గోదారి ఎందుకు వడిగా ఉంటుంది, ధవళేశ్వరం దాటాక నేల వాలు తగ్గి ఎందుకు నిదానిస్తుంది, నిదానించిన చోట ఒండ్రు ఎందుకు దిగబడుతుంది, ఇవన్నీ రాశాడు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలతో పటం గీశాడు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లనీ కూడా రాశాడు. అవి వాళ్ల పాఠంలో లేవు, తాతతో వెళ్లి చూసొచ్చినప్పుడు తెలుసుకున్నవి. సారు 8కి 8 వేశారు. తర్వాతి ప్రశ్న సగంలో ఆగిపోయింది. చివరి మూడు ప్రశ్నలకి నంబరు వేసి ఖాళీ వదిలేశాడు. మొత్తం 80కి 37. పేపరు పైన ఎర్ర సిరాతో ‘స్లో. ఇన్‌కంప్లీట్’ అని రాసి ఉంది. వదిలేసిన ఆ మూడు ప్రశ్నలూ ఆ రాత్రి అన్నం తింటుండగా అడిగాను. మూడింటికీ జవాబు చెప్పాడు.

మా మావగారు కొబ్బరి దింపులప్పుడు వాడిని రాశి దగ్గర కూర్చోబెడతారు. ఎన్ని వేల కాయలు దిగాయి, దింపు కూలి ఎంత, ఒలుపు ఎంత, బండి కిరాయి పోగా చేతికి ఎంత మిగులుతుంది అని అడిగితే, “ఆగు తాతా” అని కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి చెబుతాడు. రూపాయి తేడా రాదు. ఆయన మాత్రం ఆగుతారు. ఆ ఆగడం ఇంకెక్కడా దొరకట్లేదు వాడికి.

ఇంటి సంగతి. సాయంత్రం ఆటో దిగేసరికి ఆరుంబావు. ఏడింటికి పుస్తకాలు తీస్తే పదిన్నర, ఒక్కోరోజు పదకొండు. పొద్దున్న ఐదున్నరకి లేవాలి. ఒకరోజు పక్కనే కూర్చుని లెక్కలు చేస్తుంటే గమనించాను. లెక్క చదివిన అరనిమిషానికే జవాబు నోటితో చెప్పేశాడు. ఆ తర్వాత లెక్కని నోటుబుక్కులోకి ఎక్కించడానికే మూడు నిమిషాలు. రెండు మాటలు రాస్తాడు, తల తిప్పి పుస్తకం చూస్తాడు, ఏ వరసలో ఉన్నాడో వెతుక్కుంటాడు, మళ్లీ రెండు మాటలు. అంకె కాస్త వంకర పోతే రబ్బరుతో చెరిపి మళ్లీ రాస్తాడు. పది లెక్కలకి దాదాపు రెండు గంటలు పట్టింది. జవాబులు పదీ కరెక్టే.

మావారు మొదట బద్ధకం అనుకున్నారు. ఒకసారి చెయ్యి చేసుకున్నారు కూడా. ఆ మాట రాయాలంటే బాధగానే ఉంది, కానీ జరిగింది. నేను ఫోన్లో టైమర్ పెట్టి రాయించాను. రెండు రోజులకే వాడు పుస్తకం వదిలేసి ఫోన్లో అంకెలే చూడటం మొదలుపెట్టాడు. అరచేతికి చెమట పట్టి కాగితం తడిసిపోయింది. ఆపేశాను.

నన్ను ఇక్కడ రాసేలా చేసింది వాడి లంచ్ బాక్సు. నెల రోజులుగా అన్నం సగం వెనక్కి వస్తోంది, నీళ్ల సీసా నిండుగా వస్తోంది. కూర నచ్చలేదేమో అనుకుని మార్చి మార్చి పెట్టాను. చివరికి వాడి స్నేహితుడు చెప్పాడు. లంచ్‌లో కూర్చుని నోట్సు పూర్తి చేస్తున్నాడట. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్తే టైమ్ పోతుందని తాగట్లేదట.

నేను డిగ్రీ మధ్యలో ఆపేసినదాన్ని. ఇలాంటివి ఎవర్ని అడగాలో తెలియదు. వీడికి ఏమైనా పరీక్ష చేయించాలా? చేయిస్తే ఎక్కడ? వేగం పెరగడానికి మార్గం ఉందా, లేక ఉన్న వేగంతోనే నెట్టుకొచ్చే ఉపాయాలు ఉన్నాయా? మా అన్నయ్య జెడ్పీ హైస్కూల్‌కి మార్చేయమంటున్నాడు. పదో తరగతి తలుచుకుంటే ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


పాలకొల్లు లెక్కల మాస్టారు:

అమ్మా, నేను ముప్ఫై రెండేళ్లు జెడ్పీ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ అబ్బాయి లాంటి పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఒకరో ఇద్దరో ఉండేవారు. మొదట్లో వాళ్లని నేనూ తిట్టినవాణ్ణే. ఆ తప్పు తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మీరు లెక్కల దగ్గర గమనించింది చాలా విలువైనది. జవాబు అరనిమిషం, ఎక్కించడం మూడు నిమిషాలు. అంటే పిల్లవాడికి కష్టం లెక్కలో లేదు, కాపీ చేయడంలో ఉంది. ముందు ఆ బరువు దించండి. ఇంట్లో లెక్క మొత్తం ఎక్కించవద్దు. లెక్క నంబరు వేసి, ఇచ్చిన అంకెలు రాసి నేరుగా చేయమనండి. స్కూల్లో లెక్కల సారుని కలిసి, పదికి బదులు ఐదు చేస్తే ఒప్పుకుంటారేమో అడగండి. ఐదు చేసినవాడికి వచ్చినట్టే, పదీ చేయక్కర్లేదు. గళ్ల నోటుబుక్కు కొనండి. గడికి ఒక అంకె చొప్పున వేస్తే అంకెలు వరస తప్పవు, చెరపడం సగానికి తగ్గుతుంది.

రబ్బరు దాచేయండి. తప్పు వస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయడం అలవాటు చేయండి. పేపర్లు దిద్దేవాణ్ణి చెబుతున్నాను, కొట్టివేతకి మార్కులు తీయం.

బోర్డు మీద చూసి రాసేటప్పుడు రెండు మాటలు కాకుండా వాక్యం మొత్తం ఒకసారి మనసులో చదువుకుని, తల దించి, మళ్లీ చూడకుండా రాయాలి. ఇంట్లో వాడికి ఇష్టమైన పుస్తకంతో రోజూ ఐదు వాక్యాలు చేయించండి. మొదటి వారం తప్పులు వస్తాయి, రానివ్వండి. ఒక్కో చూపులో మోసుకొచ్చే మాటలు పెరిగితే చాలు, చెయ్యి వేగం పెరగక్కర్లేదు.

ఇక ఆ డెల్టా జవాబు. ఆ పిల్లవాడికి త్వరగా రాయమని చెప్పకండి, ఎంత రాయాలో చెప్పండి. ఈ రెండూ వేరు. నేను మా పిల్లలతో ఒకే జవాబుని మూడు కొలతల్లో రాయించేవాణ్ణి. రెండు మార్కులకైతే రెండు వాక్యాలు, నాలుగు మార్కులకైతే ఐదు, ఎనిమిదికైతే పది వాక్యాలు, ఒక పటం. మీవాడికి చాలా తెలుసు కాబట్టి ఏది వదిలేయాలన్నదే వాడికి కష్టం. వదిలేసినవి వృథా పోవని చెప్పండి. ఆ 175 గేట్ల సంగతి వాడు నాకు రాసి పంపితే నేను చదువుతాను, నిజంగానే.

పదో తరగతి గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు, లెక్క చూడండి. లెక్కల పేపరు 100 మార్కులు, 33 ప్రశ్నలు. టైమ్ మూడుంబావు గంట, అందులో పదిహేను నిమిషాలు చదువుకోవడానికే. మిగిలింది 180 నిమిషాలు. ఎనిమిది మార్కులవి ఐదు, ఒక్కోదానికి 14 నిమిషాలు. నాలుగు మార్కులవి ఎనిమిది, ఒక్కోదానికి 7. రెండు మార్కులవి ఎనిమిది, ఒక్కోదానికి 3. ఒక మార్కువి పన్నెండు, నిమిషం చొప్పున. కూడితే 162. ఇంకా 18 నిమిషాలు చేతిలో ఉంటాయి. ఈ లెక్క మీవాడి చేతే వేయించండి. గడియారం అంటే భయపడే పిల్లలు కూడా ఆ లెక్క తాము వేసుకుంటే కుదుటపడతారు. కానీ ఇది తొమ్మిదో తరగతిలో చేయాల్సిన పని. ఇప్పుడు ఏడు. ఇప్పుడు వాడు అన్నం తినాలి.

జెడ్పీ స్కూలు సంగతి అడిగారు. ఇప్పుడు మా పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోయే పిల్లలకి అది బాగా పనికొస్తుంది. రాత్రి దాకా స్టడీ అవర్లూ ఉండవు. కానీ బడి మార్చే ముందు ఇప్పుడున్న బడిలో అడగాల్సింది అడిగి చూడండి. మార్చాలనుకున్నా ఏడు అయ్యాక మార్చండి, మధ్యలో వద్దు.


భీమవరం నాన్న:

మా పెద్దాడూ ఇంతేనండి. నేను రోజూ పొద్దున్నే గంట రైటింగ్ ప్రాక్టీస్ పెట్టించాను. టైమర్ పెట్టి పేజీ రాయించేవాణ్ణి, వారానికి అరనిమిషం తగ్గించుకుంటూ వచ్చాను. ఆర్నెల్లలో దారిలో పడ్డాడు. పిల్లల్ని మరీ సుకుమారంగా చూస్తే రేపు ఇంటర్లో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కోచింగ్‌లో నిలబడలేరు. అక్కడ ఒక్కో ప్రశ్నకి నిమిషం కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. కోపంగా చెప్పట్లేదు, మీ మంచికే.


కొబ్బరితోట అమ్మ:

మాస్టారూ, మీ జవాబు మావారికి చదివి వినిపించాను. “ఇప్పుడు వాడు అన్నం తినాలి” అన్న దగ్గర ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. ధన్యవాదాలండి.

భీమవరం అన్నయ్యగారూ, మీ బాబుకి కలిసొచ్చినందుకు సంతోషం. మావాడికి టైమర్‌తో చెయ్యి వణికింది, నా కళ్లతో చూశాను. అభ్యాసం లేక వచ్చిన నెమ్మదికి మీ పద్ధతి పనిచేస్తుందేమో. ఊరి బడిలో వీడు రోజూ కాపీ రైటింగ్ రాశాడు. దస్తూరికి ప్రైజు కూడా వచ్చింది. ఎంసెట్ సంగతి ఐదేళ్ల తర్వాత చూద్దామండి.


కాకినాడ అక్క:

చెల్లీ, మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిది. మీ పోస్టు చదువుతుంటే మా ఇల్లే కనిపించింది. నీళ్ల సీసా సంగతి తప్ప. అది మాత్రం వెంటనే స్కూలుకి వెళ్లి చెప్పండి, రేపే.

పరీక్ష చేయించాలా అంటే, చేయించండి. కానీ వరస ముఖ్యం. మేము ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లు, చెవులు చూపించమన్నారు. రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించారు. రక్తం తక్కువున్నా, నిద్ర చాలకపోయినా పిల్లలు మందకొడిగా అవుతారట. ఇంకో ప్రశ్న అడిగారు, అది నాకు కొత్త. “మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతుందా? ఆ టైమ్‌లో పిలిచినా, భుజం తట్టినా పలకదా?” అని. ఒక రకం మూర్ఛ అలాగే ఉంటుందట. కింద పడరు, కొట్టుకోరు, రోజులో చాలాసార్లు ఊరికే కొన్ని సెకన్లు ఆగిపోతారు. టీచర్లు పరధ్యానం అనుకుంటారు. మా అమ్మాయికి అది లేదు. మీ బాబు తల తిప్పి వరస వెతుక్కుంటున్నాడు కాబట్టి అది వేరేలా ఉంది, అయినా డాక్టరుకి చెప్పండి.

ఇవన్నీ అయ్యాక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. రెండు పొద్దుటిపూటలు పట్టింది. ఒక భాగంలో మాటలకి అర్థాలు, రెండు వస్తువుల మధ్య పోలిక అడిగారు, దానికి గడియారం లేదు. ఇంకో భాగంలో అంకెల కింద గుర్తులు చూసి చూసి వేయాలి, రెండు నిమిషాల్లో ఎన్ని వేస్తే అన్ని. మా అమ్మాయి మొదటి దాంట్లో తన వయసు కంటే చాలా ముందుంది. రెండో దాంట్లో బాగా వెనక. ఆ రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన చూసినప్పుడు నేను ఏడ్చేశాను. ఏడేళ్లుగా నేను “నీకు అన్నీ వచ్చు, కావాలనే చేయట్లేదు” అని తిడుతూ వచ్చాను. మొదటి సగం నిజమే, రెండో సగం అబద్ధం.

ప్రైవేటులో ఖర్చు ఎక్కువ. గవర్నమెంటులో జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఉచితంగా చూస్తారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష వాళ్ల భవిత కేంద్రాలు ఉంటాయి. అక్కడి స్పెషల్ టీచరుని కలిస్తే ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో చెబుతారు. మాకు ఆవిడే దారి చూపించారు. హైదరాబాద్ వెళ్లగలిగితే సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది.

ఒక మాట ముందే తెలుసుకోండి. నెమ్మది ఒక్కటే ఉంటే సర్టిఫికెట్ రాదు. చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో అభ్యసన వైకల్యం ఉందని తేలితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం 17వ సెక్షన్లో పరీక్షకి అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సాయం, రెండో మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి ఉన్నాయి. మా అమ్మాయికి రాతలో ఇబ్బంది ఉందని తేలింది, సర్టిఫికెట్ వచ్చింది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేలోపే హెడ్మాస్టరుకి ఇచ్చేయాలి. హాల్ టికెట్ వచ్చాక పరిగెడితే కష్టం.

మా అత్తగారు ఆ కాగితం తీసుకోవద్దన్నారు. రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఎవరైనా వింటే ఏమనుకుంటారో అని ఆవిడ భయం. నేను చాలా రోజులు ఆలోచించాను. చివరికి మా అమ్మాయినే అడిగాం. “నాకు టైమ్ కావాలి నానమ్మా” అంది. ఆవిడ ఇంకేమీ అనలేదు.

సర్టిఫికెట్ రాకపోయినా రిపోర్టు పనికొస్తుంది. అది చూపిస్తే స్లిప్ టెస్టుల వరకు ఏ టీచరైనా ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వొచ్చు, అది వాళ్ల చేతిలో పనే. మా స్కూల్లో కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు.


రాజోలు తమ్ముడు:

అక్కా, నేను ఆ పిల్లాడినే. ఇప్పుడు నాకు ముప్ఫై ఒకటి.

నోట్సు పూర్తి కాలేదని ఎనిమిదో తరగతిలో నన్ను గేమ్స్ పీరియడ్‌కి పంపేవారు కాదు. ఖాళీ క్లాసులో ఒక్కణ్ణే కూర్చుని రాసేవాణ్ణి. కిటికీలోంచి కబడ్డీ కూత వినిపించేది. సంవత్సరం మొత్తం ఆడలేదు, నోట్సూ పూర్తవలేదు. రాయాలంటే అసహ్యం పుట్టింది, అంతే మిగిలింది. మీ బాబుకి ఆట తీసేయకండి. నిద్ర తీసేయకండి. రాత్రి తొమ్మిదిన్నర అయితే పుస్తకం ఎక్కడుంటే అక్కడ మూసేయించండి. డైరీలో మీరే సంతకం పెట్టి ‘ఇంతవరకే అయింది’ అని రాసి పంపండి. మా అమ్మకి చదువు రాదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి తనకి తెలియలేదు. నాతో పాటు పన్నెండింటి దాకా దీపం దగ్గర కూర్చునేది.

నేను ఇప్పుడు ఆక్వా ల్యాబ్‌లో పని చేస్తున్నాను. రైతులు చెరువు నీళ్లు సీసాల్లో తెస్తారు. ఉప్పు, పీహెచ్, అమ్మోనియా, క్షారత చూసి చెప్పాలి. క్షారత చూసేటప్పుడు బ్యూరెట్ అనే గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా వదలాలి, రంగు మారిన చుక్క దగ్గర ఆపాలి. ఒక్క చుక్క దాటినా లెక్క మారుతుంది. సీజన్లో గుమ్మం ముందు పది మంది నిలబడి తొందరపెడతారు. నేను తొందరపడను. నా రీడింగే కావాలని పక్క ఊళ్ల నుంచి వచ్చే రైతులున్నారు.

ఇది మీ బాబుకి చెప్పమని కాదు. మీకోసం రాశాను.


కొబ్బరితోట అమ్మ (ఆరు వారాల తర్వాత):

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు క్షమించండి. ఒక్కోటీ చేస్తూ, ఏం జరిగిందో చూసి రాద్దామని ఆగాను.

అక్క చెప్పిన మర్నాడే నేనూ మావారూ స్కూలుకి వెళ్లాం. వెళ్లే ముందు రాత్రి కూర్చుని ఒక పేజీ రాసుకున్నాను, ఎదురుగా కూర్చుంటే మాట పెగలదని భయం. సోషల్ పేపరు, లెక్కల నోటుబుక్కు, నీళ్ల సీసా మూడూ పట్టుకెళ్లాను. క్లాస్ టీచరమ్మ చిన్న వయసావిడ. సీసా సంగతి ఆవిడకి అసలు తెలియదు. వినగానే ముఖం మారిపోయింది. లంచ్‌లో పుస్తకం తీయకూడదని మా అబ్బాయికి ఒక్కడికే కాకుండా క్లాసు మొత్తానికి చెప్పేశారు. వాడిని వేరుగా చూపించకుండా చేసినందుకు ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సోషల్ సారు, సైన్స్ టీచరమ్మ నోట్సు జిరాక్సు తీసి పుస్తకంలో అంటించుకోవడానికి ఒప్పుకున్నారు. వాడు ముఖ్యమైన మాటల కింద గీతలు గీసి, పక్కన సొంత మాటల్లో రెండు ముక్కలు రాస్తే చాలన్నారు. లెక్కల సారు ఐదు లెక్కలకి సరేనన్నారు. ఇంకొక సారు మాత్రం ఒప్పుకోలేదు. అందరికీ ఒకటే రూల్ అన్నారు. నేను వాదించలేదు, బతిమాలలేదు. ఆ ఒక్క సబ్జెక్టు నోట్సు ఆదివారం మా మావగారి పక్కన కూర్చుని రాస్తున్నాడు.

డాక్టరు దగ్గర హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. ఈ వయసుకి 12 ఉండాలట. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. కళ్లు బాగానే ఉన్నాయి. శూన్యంలోకి చూడటం లాంటిది లేదు, ఆ మాట డాక్టరుకి నేనే ముందు చెబితే “ఎవరు చెప్పారమ్మా మీకు?” అని ఆశ్చర్యపోయారు. రక్తం పెరిగాక కొంత చురుకుదనం వస్తుందిగానీ, చిన్నప్పటి నుంచీ ఉన్న నెమ్మది దాంతోనే పోదని కూడా చెప్పారు. భవిత కేంద్రంలో స్పెషల్ టీచరుని కలిశాను. వచ్చే నెల పదో తారీఖున కాకినాడలో పరీక్ష. ఏం తేలినా మళ్లీ రాస్తాను.

తొమ్మిదిన్నరకి పుస్తకం మూయించడం మొదటి వారం నాకే కష్టమైంది. వాడు ఏడ్చాడు, సారు తిడతారని. మావారు డైరీ తీసుకుని ‘తొమ్మిదిన్నర దాకా చదివాడు, తర్వాత నేనే పడుకోమన్నాను’ అని రాసి పెద్ద సంతకం పెట్టారు. ఇప్పుడు రోజూ ఆ సంతకం ఆయనే పెడుతున్నారు.

తమ్ముడూ, మీ జవాబు వాడికి చెప్పలేదు, మీరు వద్దన్నారని. కానీ మావారు ఏదో పని మీద మలికిపురం వెళ్లినప్పుడు వాడిని వెంటబెట్టుకెళ్లి అక్కడో ఆక్వా ల్యాబ్ చూపించారు. మీదేనో కాదో తెలియదు. గాజు గొట్టంలోంచి చుక్కలు పడుతుంటే పావుగంట కదలకుండా చూశాడట. ఇంటికొచ్చి మా బావి నీళ్లు ఒక సీసాలో పట్టి పెట్టుకున్నాడు.

మాస్టారూ, మూడు కొలతల జవాబులు వారానికి రెండు రాయిస్తున్నాను. రెండు మార్కుల కొలతే వాడికి అన్నిటికంటే కష్టంగా ఉంది. మొన్న వానలు ఎలా పడతాయో రెండు వాక్యాల్లో రాయమంటే ఇరవై నిమిషాలు ఆలోచించి, చివరికి రెండే రాశాడు. మొన్నటి సోషల్ స్లిప్ టెస్టులో ఒక్క ప్రశ్న మాత్రమే వదిలేశాడు. 20కి 15. రబ్బరు ఇంకా పూర్తిగా వదల్లేదు, జేబులో పెట్టుకుంటున్నాడు. ఒక చిన్న సందేహమండి. గళ్ల నోటుబుక్కు ఇక్కడ షాపుల్లో మరీ చిన్న గళ్లదే దొరుకుతోంది, వాడి అంకెలు పట్టట్లేదు. పెద్ద గళ్లది ఎక్కడైనా దొరుకుతుందా, లేక తెల్ల కాగితాల మీద మేమే గీసుకోవచ్చా?

175 గేట్ల ఉత్తరం రాస్తున్నాడు. ఇప్పటికి నాలుగు పేజీలైంది, ఇంకా అవలేదు. అయ్యాక పంపిస్తాను.


పాలకొల్లు లెక్కల మాస్టారు:

గీసుకోండమ్మా. ఒక్క కాగితం మీద సెంటీమీటరు గళ్లు ముదురుగా గీసి తెల్ల కాగితాల కింద పెట్టండి, పైకి కనిపిస్తాయి. రోజూ గీసే పని ఉండదు. ఉత్తరం ఎన్ని పేజీలైనా పర్లేదు, తొందరపెట్టకండి.